ఆడపిల్లకి 8 చాలా?

"ఆడపిల్ల కదా వదినా, 8 జీబీ చాలు. నోట్సులు చూసుకోడానికేగా!"

2023లో మా అమ్మాయి ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు మా మరిది అన్న మాట ఇది. ఆయన మీద నాకు కోపం లేదు, నా మీదే ఉంది. ఆ మాటకి తలూపింది నేనే కదా. అంతకు ఏడాది ముందు మా అబ్బాయికి గేమింగ్ లాప్‌టాప్ కొన్నప్పుడు ఇదే మరిది కాకినాడలో మూడు రోజులు షాపులు తిరిగాడు. "ఇప్పుడు 8 ఉన్నా ఫర్వాలేదు, రెండో స్లాట్ ఖాళీగా ఉండాలి. రేపు వీడు పెంచుకోవాలి" అని పట్టుబట్టాడు. అమ్మాయి దగ్గరికొచ్చేసరికి ఇరవై నిమిషాల్లో బేరం అయిపోయింది. సన్నగా, తేలిగ్గా ఉంది, రోజూ సామర్లకోట నుంచి కాకినాడ మోసుకెళ్లడానికి బాగుంటుంది అనుకున్నాం. ఇంకేం చూశామంటే, రంగు చూశాం.

2024లో అబ్బాయి ఖాళీ స్లాట్‌లో ఇంకో 8 ముక్క పెట్టించుకున్నాడు. రెండు వేలలోపే అయింది. అమ్మాయికి మూడో ఏడాదిలో యాప్ తయారుచేసే ప్రాజెక్టు వచ్చింది. ఆండ్రాయిడ్ స్టూడియో తెరిస్తే బ్రౌజరు మూయాలి, బ్రౌజరు తెరిస్తే అది బిగుసుకుపోయేది. రాత్రి ఒంటిగంటకి "అమ్మా, మళ్లీ ఆగిపోయింది" అని కంచం ముందు పెట్టుకుని కూర్చునేది. సరే, దీనికీ ఓ ముక్క వేయిద్దాం కదా అని మా ఊళ్లో రిపేరు చేసే కుర్రాడి దగ్గరికి తీసుకెళ్లాను. వెనక మూత తీసి చూపించాడు. స్లాటే లేదు. మెమరీ చిప్పులు బోర్డుకే అతికించేశారు. "దీనికింక ఎప్పటికీ 8యే మేడమ్" అన్నాడు.

ఎప్పటికీ. నా కడుపులో దేవేసినట్టయింది.

ర్యామ్ అంటే మన వంటగట్టు అనుకోండి. స్టోరేజీ అటక. అటక మీద ఎంత సామానున్నా, వంట చేసేది గట్టు మీదే. గట్టు ఇరుకైతే మిక్సీ దించి కూర తరగాలి, తరిగింది దించి పిండి కలపాలి. ఈ దించడం ఎక్కించడంలోనే పొద్దు పోతుంది. లాప్‌టాప్ బిగుసుకుపోవడమంటే ఇదే, చోటు చాలక అటక ఎక్కి దిగుతోందన్నమాట. మరి చిన్న గట్టు కట్టి, ఇంక పెంచడానికి వీల్లేకుండా చుట్టూ గోడ కట్టేసినట్టు ఆ పిల్లకి కొనిచ్చాం.

"గేములాడే మగపిల్లాడికి కావాలి గానీ చదువుకునే పిల్లకెందుకు?" అనే వాళ్లకి ఓ లెక్క చెప్తాను. సైబర్‌పంక్ 2077 అనే పెద్ద గేముకి ఆ కంపెనీవాళ్లు బాగా ఆడాలంటే ఉండాలన్నది 16 జీబీ. ఆండ్రాయిడ్ స్టూడియోని ఎమ్యులేటర్‌తో కలిపి నడపడానికి గూగుల్ అడిగేదీ 16 జీబీయే. ఆటకీ చదువుకీ ఒకటే అంకె. తేడా ఉన్నది మన బుర్రల్లోనే.

ఈసారి చీటీ డబ్బులు తీసుకుని నేనే వెళ్లాను. షాపులో మొదటి మాట: "సార్‌ని కూడా తీసుకురండి మేడమ్, స్పీడ్ గురించి ఆయనకి చెప్తాం." సార్‌కి డీడీఆర్ అంటే ఏంటో తెలీదు బాబూ, నాకే చెప్పమన్నాను.

అప్పుడు మొదలైంది స్పీడ్ పురాణం. ఒక మోడల్‌లో ఉన్న 4800 ముక్కలు తీసి, ఎక్కువ డబ్బు పుచ్చుకుని 5600వి వేస్తానన్నాడు. ఆ లాప్‌టాప్ ప్రాసెసరు ఒప్పుకునేదే 4800 వరకు. 5600 ముక్క వేసినా అది 4800కే దిగి నడుస్తుంది. రెండు వేర్వేరు స్పీడుల ముక్కలు పక్కపక్కన పెట్టినా అంతే, తక్కువదాని నడకకే ఎక్కువది తగ్గుతుంది. ఇంకోటి, పాత డీడీఆర్4 ముక్క కొత్త డీడీఆర్5 స్లాట్‌లో పట్టదు, గాటు చోటే వేరు. అన్నయ్యది తీసి చెల్లికి వేద్దాం అనుకునే అమ్మలు ఇది గుర్తుపెట్టుకోండి. నేనూ అలాగే అనుకున్నాను.

నిజంగా తేడా తెచ్చేది ముక్కల సంఖ్య. ఒకటే ముక్క ఉంటే సింగిల్ లైను మీద రైలు నడిపినట్టు. రెండు ఉంటే డబుల్ లైను. 4800 ముక్క ఒక్కటి సెకనుకి 38.4 జీబీ మోస్తే, రెండూ కలిసి 76.8 మోస్తాయి. వేరే గ్రాఫిక్స్ కార్డు లేని లాప్‌టాప్‌లో అయితే బొమ్మ కూడా ఈ మెమరీలోంచే రావాలి కాబట్టి తేడా కంటికి కనిపిస్తుంది. అందుకని 5600కి అడిగిన డబ్బు ఇవ్వకుండా, 8 పక్కన 8 ఉన్నదే తీసుకున్నాను. రెండూ స్లాట్లలోనే ఉండాలన్నాను. మాటతో సరిపెట్టుకోకుండా అక్కడే ఆన్ చేయించి, టాస్క్ మేనేజర్‌లో మెమరీ దగ్గర ఎన్ని స్లాట్లు వాడుతున్నారో చూపించమన్నాను. రెండుకి రెండు అని చూశాకే డబ్బు లెక్కపెట్టాను. మూత విప్పితే వారంటీ పోతుందా అని కూడా అడిగి, కాగితం మీద రాయించుకున్నాను. మొహం చిట్లించాడనుకోండి.

ధర మాత్రం మండింది. 2025 చివరి నుంచి ర్యామ్ రేట్లు అమాంతం పెరిగాయి. ఏఐ డేటా సెంటర్లకి మెమరీ చిప్పులు తరలిపోతున్నాయట. మైక్రాన్ కంపెనీ అయితే మనలాంటి వాళ్లకి అమ్మే క్రూషియల్ బ్రాండునే ఆపేస్తున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. ఆ రోజు ఇరవై నిమిషాల బదులు ఇంకో గంట కూర్చుని స్లాట్ ఉందా అని ఒక్క మాట అడిగుంటే రెండు వేలతో తీరిపోయే పనికి, ఇప్పుడు నా చీటీ మొత్తం పోయింది. తక్కువలో అయిపోయిందని ఆ రోజు సంబరపడిందీ మేమే.

ఇంటికొచ్చాక అత్తయ్యగారు, "ఆడపిల్ల దానిమీద కూడా తుపాకీ ఆటలాడుతుందటగా?" అన్నారు. ఆడుతుందండీ, దాచేదేముంది. నాలుగేళ్లుగా మనవడు ఆడుతుంటే "పాపం, చదివి అలిసిపోయాడు" అని ఆవిడే మజ్జిగ ఇచ్చేవారు. ఆ మాటే గుర్తుచేశాను. కాసేపు మాట్లాడలేదు గానీ, సాయంత్రం మజ్జిగ రెండు గ్లాసుల్లో పోశారు.

ఇది రాస్తుంటే పక్కగదిలోంచి అన్నాచెల్లెళ్ల అరుపులు వినిపిస్తున్నాయి. ఆదివారం కదా, కలిసి ఆడుతున్నారు. గిన్నెలు మాత్రం ఓడినవాళ్లు తోమాలన్నాను. ఈ వారం వాడి వంతు.