కొండకు మేత – తోటకు రక్ష

ఉద్దానంలో జీడిపిక్కలు ఏరే కాలం వచ్చిందంటే రైతు ముఖంలో కళ కనిపించాలి. కొన్నేళ్లుగా ఆ కళతో పాటు కలవరం కూడా కనిపిస్తోంది. తెల్లవారుజామున తోటకు వెళ్లే కూలీలు ఒంటరిగా అడుగు వేయడానికి జంకుతున్నారు. పొద ఏది కదిలినా ఎలుగేమోనన్న భయం పట్టుకుంటోంది.

ఆ భయం ఊరికే పుట్టినది కాదు. 2018 జూన్‌లో సోంపేట మండలంలో ఎలుగు దాడి మనుషుల ప్రాణాలు తీసింది. ఆగ్రహించిన జనం ఆ జంతువును కొట్టి చంపారు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి ప్రాంతంలో మళ్లీ అదే విషాదం. మత్తుమందు ఇచ్చి పట్టుకున్న ఎలుగు విశాఖపట్నం జంతు ప్రదర్శనశాలకు తరలించే లోపునే చనిపోయింది. మనిషీ నష్టపోయాడు, మృగమూ నష్టపోయింది. ఇలాంటి ఘటన జరిగిన వారం రోజులు హడావుడి చేసి, ఆ తర్వాత మరచిపోవడం పరిపాటి అయింది. ఇది శోచనీయం.

ఎలుగు ఊరి మీదికి ఎందుకు వస్తున్నదో ముందు ఆలోచించాలి. అది ప్రధానంగా చెదపురుగులు, చీమలు, పండ్లు, తేనె తిని బతికే జంతువు. వేసవిలో ఇప్పపువ్వు, తునికి పండు, సారపండు, ఆ వెనుక నేరేడు, చలికాలంలో రేగు, మధ్యలో మేడి, మర్రి పండ్లు – ఈ వరుసలో అడవి దానికి ఏడాది పొడవునా కడుపు నింపుతుంది. ఈ చెట్లు నరికివేతకు గురైన కొండ మీద, ఏటా నిప్పు పెట్టి గడ్డిని బుగ్గి చేసే కొండ మీద దానికి మిగిలేదేమిటి? కిందికి చూస్తే తోటల్లో పండిన జీడిమామిడి పండ్లు, పనస పండ్లు ఘుమఘుమలాడుతున్నాయి. ఆకలిగొన్న మృగం అటు నడవడంలో వింత లేదు.

ఉద్దానం రైతు జీడి వేయడం మానుకోవాలని ఎవరూ చెప్పరు. 80 కిలోల పిక్కల బస్తా ధర మీదనే వేలాది కుటుంబాల బతుకు ఆధారపడి ఉంది. పలాస–కాశీబుగ్గ జీడి పరిశ్రమకు ఈ తోటలే ప్రాణం. 2018 అక్టోబర్ 11న తీరం దాటిన తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. దెబ్బతిన్న రైతు మళ్లీ మొక్కలు నాటుకోక తప్పదు. ఎనిమిది మీటర్ల ఎడంలో నాటితే ఎకరాకు 60 పైచిలుకు మొక్కలు పడతాయి. అంటు మొక్క అయితే మూడు, నాలుగేళ్లలో కాపు మొదలవుతుంది. అయితే కొండ అంచు దాకా ఒక్క జీడినే నింపితే వచ్చే చిక్కును కూడా నాటేటప్పుడే ఆలోచించుకోవాలి.

దీనికి మార్గం ఉంది. కొండ ఎగువన సార, తునికి, ఇప్ప, నేరేడు, మేడి వంటి స్థానిక చెట్లను పెంచాలి. వాటి నడుమ బోదగడ్డి వంటి సహజమైన గడ్డిని నిప్పు తగలకుండా కాపాడాలి. గడ్డి ఉంటే వర్షానికి మన్ను కొట్టుకుపోదు, చెద పుట్టలు నిలుస్తాయి, ఎలుగుకు తిండి దొరుకుతుంది. వేసవిలో నీటి గుంటలు కూడా ఎగువనే ఉండాలి. ఈ మేత పట్టీకి, జీడి తోటకు మధ్య కొంత మేర పొదలు లేకుండా ఖాళీగా ఉంచాలి. అది అగ్గి దిగకుండా అడ్డు కడుతుంది. జంతువు వస్తే దూరం నుంచే కంటపడుతుంది. దాని దిగువన జీడి వేసుకోవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. మేత చెట్లను తోట గట్టు మీదనో, ఊరి బాట పక్కనో నాటితే మేలుకు బదులు కీడు జరుగుతుంది. ఎలుగును పిలిచి పీట వేసినట్లే అవుతుంది. ఏ చెట్టు నాటామన్నదే కాదు, ఎక్కడ నాటామన్నది కూడా ముఖ్యమే.

మనుషులకే దిక్కులేని చోట ఎలుగులకు తోటలా అని కొందరు ప్రశ్నించవచ్చు. ఈ చెట్లు ఎలుగు ముద్దు కోసం కాదు, కూలీ ప్రాణం కోసం. పైగా సారపప్పుకు బజారులో జీడిపప్పుతో పోటీ పడే గిరాకీ ఉంది. కొండ మీది గిరిజనులకు అది ఆదాయం. కాయ కోసం కొమ్మలు నరకకుండా, పండ్లలో కొంత చెట్టుకే వదిలిపెడితే మనిషికీ, మృగానికీ దక్కుతుంది.

నాటిన చెట్టు రేపే కాయదు. అంతదాకా రైతులు చేసుకోగల జాగ్రత్తలు ఉన్నాయి. పిక్క తీసుకుని పండును చెట్టు కింద వదిలేయడం మానాలి. రాలిన పండ్లను ఏ రోజుకారోజు ఏరి, ఇళ్లకు దూరంగా గోతిలో కప్పి ఎరువు చేసుకోవాలి. నడిచే దారుల పక్కన పొదలు కొట్టించాలి. తెల్లవారాక, నలుగురితో కలిసి తోటకు వెళ్లాలి.

మిగతాది ప్రభుత్వం బాధ్యత. కొండ అటవీ శాఖది, అంటు మొక్కల వ్యవహారం ఉద్యాన శాఖది, గోతులు తవ్వే కూలి ఉపాధి హామీ పథకానిది. ఈ మూడూ ఒకచోట కూర్చుని, గ్రామస్థులను పిలిచి, ఎలుగులు దిగే దారులను వారి నోటనే విని, ఊరూరికీ నాటవలసిన పటం గీయాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఎలుగును మొదటి షెడ్యూలులో చేర్చి గట్టి రక్షణ ఇచ్చింది. ఆ జంతువు పక్కన బతికే పేదవాడికి కూడా రక్షణ కల్పించినప్పుడే చట్టం ఆశయం నెరవేరుతుంది. దాడి జరిగాక బోను తెచ్చే కన్నా, వచ్చే తొలకరికి ముందే గోతులు తవ్వించడం విజ్ఞత. అధికారులు ఇకనైనా మేల్కొనాలి.