అక్షరముపై మోపిన నేరము

2018వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో లోకమంతయు ఒక తెలుగు అక్షరమును గూర్చి మాటాడుకొనెను. అందుకు మనము పొంగిపోవలసినదేమియు లేదు. ఆపిల్ సంస్థవారి ఐఫోనులలోనికి 'జ్ఞా' అను అక్షరపు ఒకానొక కూర్పు సందేశముగా వచ్చినంతనే, దానిని చూపబోయిన యాప్ కుప్పకూలుచుండెను. ఒక్కొక్కప్పుడు ఫోనే పడి లేచి, మరల పడుచుండెను. పత్రికలు నేరమును అక్షరము నెత్తిన మోపినవి. ఆ అక్షరమో, జ్ఞానమునకు మొదటిది!

మనవారిలో కొందరు నవ్వుకొనిరి. మరికొందరు, మన లిపి యంత్రములకు తగినది కాదనియు, ఇకనైనను ఇంగ్లీషు అక్షరములలో తెలుగు వ్రాసికొనుట మేలనియు సెలవిచ్చిరి. నవ్వినవారితో మాకు పేచీ లేదు. ఈ రెండవవారి మాటను మాత్రము ఊరక పోనీయజాలము.

ఇంతకును జరిగినదేమి? యంత్రము అక్షరమును మన కన్ను చూచినట్లు చూడదు. 'స్త్రీ' అనునది మనకు ఒక్కటే అక్షరము. యంత్రమునకు ఆరు సంకేతములు: సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, గుడిదీర్ఘము. వీనిని పేర్చి, ఒత్తులను తమ తమ తావుల నిలిపి, గుడిని పైన నెక్కించి ఒక రూపముగా చూపుట ఫోను లోపలి లెక్క చేయవలసిన పని. ఆ కూర్పులో జ, పొల్లు, ఞ, దీర్ఘము అను నాలుగింటికి తోడు, ఞకును దీర్ఘమునకును నడుమ కంటికి కనబడని ఐదవ సంకేతమొకటి దూరెను. అక్షరములను ఒకదానితో నొకటి కలియనీయకుండుటకై వాడు గుర్తు అది. 'సాఫ్ట్‌వేర్' అని వ్రాయునపుడు టకారము పొల్లుగా నిలుచుటకు అదియే సాయము. జ్ఞాకు దానితో పనియే లేదు. పనిలేనిచోట అది తగిలినచో ఏమి చేయవలెనో లెక్క వ్రాసినవారు తలపోయలేదు. బంగాళీ, దేవనాగరి లిపులలోని ఇట్టి కూర్పులు కొన్నియు ఫోనును అట్లే పడగొట్టినవి. ఫిబ్రవరి 19వ తేదీన ఆ సంస్థ సవరణ విడుదల చేసెను. తెలుగు లిపిలో ఒక్క గీతయు మారలేదు. మారినది వారి లెక్క. తప్పెవరిదో వేరుగ చెప్పవలెనా?

మన లిపికి యంత్రముతో చెలిమి నిన్నటిది కాదు. చెన్నపట్టణమున తెలుగు నేర్చిన షుల్జ్ పాదరి 1746-47లలో జర్మనీ దేశపు హాలె నగరమున తెలుగు పుస్తకములు అచ్చువేయించెను. 1854లో చెన్నపట్టణముననే వావిళ్లవారి ముద్రాక్షరశాల వెలసెను. గుణింతములను, ఒత్తులను సీసపు ముక్కలుగ పోతపోసి, ఒక్కొక్కటే చేత ఏరి కూర్చిన ఆనాటి పనివారు లిపి కష్టమని పని మానుకొనలేదు. అరసున్నను, బండిరాను గూడ విడువలేదు. 1991లో యూనికోడు తొలి ప్రతిలోనే తెలుగునకు చోటు దొరకెను.

నేటికిని చిక్కులు లేవనము. ఇంగ్లీషు అక్షరపు ఎత్తును బట్టి గీసిన గడులలో మన ఒత్తుల కాళ్లు తెగుచున్నవి. దీనికై లిపిని పొట్టిచేయుమనువారు కలరు. గడిని పెంచరాదా? చెప్పు కరచినదని కాలు చెక్కుకొందుమా?

1990వ దశకమున, కంప్యూటరులో తెలుగు దుర్లభమైన కాలమున, అమెరికాలోని తెలుగు విద్యార్థులు ఆర్.టి.ఎస్. అను పద్ధతిని కల్పించుకొని ఇంగ్లీషు అక్షరములతో తెలుగు వ్రాసికొనిరి. అది ఊతకర్ర. అయినను వారు పెద్దబడి, చిన్నబడి అక్షరముల భేదముతో టకారమును తకారమును వేరుచేసికొనిరి. నేటి మన సంఘముల ఆహ్వానములలో ఆపాటి జాగ్రత్తయు లేదు. కల, కళ, కాల — మూడింటికిని ఒకటే వ్రాత. 'పాత పాట' అని వేయబోగా ఒకే మాట రెండుమారులు పడినట్లుండును. తమిళ లిపిలో త్యాగరాజ కీర్తనలు అచ్చువేయువారు కకారము గకారము కాకుండుటకై అక్షరము ప్రక్కన చిన్న అంకెలు వేయుదురు. తెలుగు రాని గాయకులకై వారు పడు శ్రమ ఇది!

పిల్లలకు లిపి రాదు గదా, వారి కొరకే ఇట్లు వేయుచున్నామందురు. లిపి ఎందుకు రాలేదో మేమెరుగనిది కాదు. తమిళనాట 2006వ సంవత్సరపు చట్టముతో బడిలో తమిళము తప్పనిసరియైనది. అచ్చటి బిడ్డకు తెలుగు చదువు సన్నగిల్లినది. బరంపురమున చిక్కు వేరు. బళ్లారి బిడ్డకో, కన్నడము వచ్చినచో తెలుగు లిపి అడుగు దూరమే. కాని ఇంటను లేక, బడిలోను లేక, సంఘపు కాగితముపైనను లేక, ఆ బిడ్డ తెలుగక్షరమును చూచునదెక్కడ? అమ్మమ్మతో గలగల తెలుగు మాటాడు మనుమరాలు ఆమె పెట్టెలోని ఉత్తరమును పరులచేత చదివించుకొనుచున్నది. ఆ ఉత్తరములో అందరికిని వినిపింపదగినవే ఉండునా?

అచ్చుకూటమువారు తెలుగు ఫాంటులు లేవన్న నమ్మవలదు. మండలి, రామభద్ర, పెద్దన, తిమ్మన, ధూర్జటి మొదలగునవి వెల లేకయే దొరకుచున్నవి. యూనికోడుకు పూర్వపు ఫాంటులలో కూర్చినచో, ఆ పాఠమును ఫోనులోనికి ఎత్తిపంపగా అర్థములేని గీతలగును. కావున యూనికోడుననే కూర్పుడని పట్టుపట్టవలెను. వచ్చు ఉగాది ఆహ్వానమును ఒకవైపు తెలుగు లిపిలో, రెండవవైపు ఆ సీమ లిపిలో వేయింపుడు. చోటు చాలదందురేని, దాతల పేర్ల పట్టికలో రెండు పంక్తులు తగ్గింపవచ్చును.