‘వుడ్ ప్రిఫర్’ అనే హక్కు ఎవరిది?

ఇంగ్లిష్‌లో ఉన్నంత మర్యాద తెలుగులో లేదని చదువుకున్నవాళ్ళు తరచూ అంటుంటారు. సాక్ష్యం ఎప్పుడూ ఒకటే: ‘ప్లీజ్’కి మన దగ్గర సరైన మాట లేదు, ‘దయచేసి’ రైల్వే స్టేషన్లో తప్ప వినపడదు. నిజమే. దాన్నిబట్టి మనకి మర్యాద లేదని తేలదు. వాళ్ళు పెట్టుకున్న చోట మనం పెట్టుకోలేదని తేలుతుంది, అంతే.

ఇంగ్లిష్‌లో నువ్వైనా మీరైనా ‘యూ’నే. ‘అండీ’ లేదు. అందుకని గౌరవం బరువు చాలావరకు క్రియే మొయ్యాలి. ‘ఐ వాంట్’ మొరటు, ‘ఐ వుడ్ ప్రిఫర్’ మర్యాద. ‘రేపు రా’ అనడానికి ‘ఐ వుడ్ రాదర్ యూ కేమ్ టుమారో’ అంటారు. రావాల్సింది రేపు, క్రియ మాత్రం భూతకాలం! కాలాన్ని ఒకడుగు వెనక్కి జరిపి, అడిగే మనిషి తనూ ఒకడుగు వెనక్కి జరుగుతాడు. ఇదేం దొరల విద్య కాదు. “మిమ్మల్నొక మాట అడుగుదామనుకున్నానండీ” అనే తెలుగాయన చేసేదీ అదే. అడుగుతున్నది ఇప్పుడు, అనుకున్నది మాత్రం ఎప్పుడో. “రేపొస్తే బాగుంటుందేమో” అన్నదాంట్లో ‘నాకు’ అన్న మాటే లేదు. ఆ ‘ఏమో’ అవతలివాళ్ళకి తప్పుకునే దారి కూడా ఇస్తుంది.

నా పేచీ స్పోకెన్ ఇంగ్లిష్ కోచింగులతో, సాఫ్ట్ స్కిల్స్ క్లాసులతో. ‘ప్రిఫర్’ పక్కన ‘దేన్’ కాదు ‘టు’ రావాలని నేర్పుతారు. ‘వుడ్ రాదర్’ తర్వాత ‘టు’ రాకూడదని నేర్పుతారు. ఆ వాక్యం ఎవరు ఎవరితో అనొచ్చో మాత్రం నేర్పరు. మేనేజర్ “ఐ వుడ్ ప్రిఫర్ ఇట్ బై ఫ్రైడే” అంటే అది ఆయన అభిరుచి కాదు, గడువు. శనివారం కూడా పనిచెయ్యమన్నప్పుడు టీంలో కుర్రాడు “ఐ వుడ్ రాదర్ నాట్” అంటే? వ్యాకరణానికి నూటికి నూరు, అప్రైజల్లో ‘యాటిట్యూడ్ ప్రాబ్లం’.

1853లో హెర్మన్ మెల్‌విల్ రాసిన ‘బార్టిల్‌బీ’ కథంతా ఈ తిరకాసే. వాల్ స్ట్రీట్‌లో ఒక లాయరు దగ్గర నకళ్ళు రాసే గుమాస్తా. కేకలెయ్యడు, తిట్టడు. చెప్పిన పని చెయ్యకపోవడమే తనకిష్టమని నెమ్మదిగా, పదే పదే చెబుతాడు. అంత మర్యాదగా వద్దంటే ఏం చెయ్యాలో యజమానికి తోచదు. పైగా ఆ ‘ప్రిఫర్’ ఆఫీసులో మిగతావాళ్ళకీ, యజమానికీ కూడా అంటుకుంటుంది. చివరికి గుమాస్తా జైల్లో తిండి మానేసి చనిపోతాడు. దీన్ని వింత మనిషి కథగా చదవడం అలవాటైపోయింది. యజమానులు మాట వరసకి వాడే క్రియని గుమాస్తా నిజమని నమ్మితే ఏమవుతుందో చెప్పే కథ ఇది.

అలాగని తెలుగుని నెత్తినెక్కించుకోనక్కర్లేదు. మన ‘అండీ’ ఎక్కువగా కిందనుంచి పైకే నడుస్తుంది. ఇంట్లో పనిచేసే ఆమె “రేపు రాలేనమ్మా” అంటుంది. “రావాలని లేదు” అనదు. ‘రాలేను’ అన్నాక ఒక కారణం చూపించాలి: జ్వరమో, పిల్లాడి స్కూలో, ఊళ్ళో చావో. ‘నాకిష్టం లేదు’ అన్నదానికి ఏ కారణమూ అక్కర్లేదు. అందుకే అది ఆమెకి అందని వాక్యం. ఆఫీసులో మనం చెప్పే ‘నెట్‌వర్క్ ఇష్యూ’లు కూడా ఆ ‘రాలేను’కి చుట్టాలే.

‘వుడ్’లూ ‘రాదర్’లూ నేర్పండి, వద్దనను. కానీ అవతలివాళ్ళు కాదనగలిగినప్పుడే అది మర్యాద. లేకపోతే ఇస్త్రీ చేసిన ఆజ్ఞ. కాబట్టి ముందు మేనేజర్లకి ఒక క్లాసు పెట్టండి: ‘ఐ వుడ్ రాదర్ నాట్’ని వినడం ఎలా అని.