"ఎన్ని హార్స్‌పవర్?" అనడిగితే నాకు ఒళ్ళు మంట

వారమంతా కోడు కొట్టే నాకు శని, ఆదివారాలు చెక్కపని పిచ్చి. (మా ఆవిడ దీనికి వేరే పేరు పెట్టింది, అది ఇక్కడ అనవసరం.) వెనీరు అతికించడానికి వాక్యూమ్ పంపు కొన్నానంటే చాలు, మిత్రులు అడిగేది ఒకటే: "ఎన్ని హార్స్‌పవర్?"

అసలు నొక్కేది పంపు కాదండీ బాబూ, మన చుట్టూ ఉన్న గాలి. సంచిలోంచి 80 శాతం గాలి లాగేస్తే బయటి గాలి చదరపు అడుగుకి 700 కిలోల పైనే మోపుతుంది. మా మేస్త్రి పేర్చే ఇటుకలు ఏ మూలకి? సంచికి చిల్లు లేకపోతే పాత ఫ్రిజ్ కంప్రెసర్ అయినా లాగేస్తుంది, కాకపోతే నత్తనడక.

ముక్కని బల్లకి బిగించడం మాత్రం వేరే కథ. ఎమ్‌డీఎఫ్ గుండా కూడా గాలి దూరుతుంది కాబట్టి పంపు ఆడుతూనే ఉండాలి. పైగా 5 సెంటీమీటర్ల చదరపు ముక్కకి దక్కే పట్టు 20 కిలోలే. ఓ ఆదివారం పంపు వైరు కాలికి తగిలి ప్లగ్గు ఊడింది. రౌటర్ (నెట్‌వర్క్‌ది కాదు, చెక్క తొలిచేది) తిరుగుతూనే ఉంది. ముక్క నా చెవి పక్కనుంచి ఎగిరి గోడకి కొట్టుకుంది. సర్వర్‌కి బ్యాకప్ లేదని ఆఫీసులో గోల చేసేవాణ్ణి నేనే!

ఇప్పుడు గాలిని వెనక్కి రానివ్వని వాల్వు, చిన్న ట్యాంకు, కళ్ళెదురుగా గేజి పెట్టాను. కావాలనే ప్లగ్గు పీకి చూశాను, రౌటర్ ఆపుకునేంత టైము దొరుకుతోంది. పంపు మాత్రం ఆ పాతదే, అర హార్స్‌పవర్‌ది.