డొనెగాల్‌లో ఐదో సీటు: ఒక చిన్న పార్టీకి దారి ఎలా దొరికింది?

2025 మార్చిలో కరీంనగర్ గ్రాడ్యుయేట్ ఎమ్మెల్సీ ఓట్ల లెక్కింపును రాత్రీపగలూ గమనించినవాళ్లకు ఐర్లండ్ ఎన్నికల గురించి సగం ముందే తెలుసు. మొదటి ప్రాధాన్యత, రెండో ప్రాధాన్యత, కోటా, ఎలిమినేషన్. అడుగున ఉన్న అభ్యర్థిని తప్పించి, ఆయన కట్టలోని ఓట్లను మిగతావాళ్లకు పంచుతూ రోజుల తరబడి సాగే లెక్కింపు. ఐర్లండ్ పార్లమెంటు దిగువ సభ 'డాల్'కు జరిగే ఎన్నిక కూడా ఇలాంటిదే. కాకపోతే మన ఎమ్మెల్సీ ఎన్నికలో గెలిచేది ఒక్కరే. అక్కడ ఒక్కో నియోజకవర్గం నుంచి ముగ్గురు, నలుగురు లేదా ఐదుగురు గెలుస్తారు. చిన్న పార్టీల చావుబతుకులు ఈ ఒక్క తేడా దగ్గరే తేలిపోతాయి.

డొనెగాల్ సంగతే చూడండి. ఐర్లండ్ వాయవ్య మూలన, బ్రిటన్ పాలనలోని ఉత్తర ఐర్లండ్ సరిహద్దును ఆనుకుని ఉన్న పల్లెటూళ్ల జిల్లా అది. మిగతా దేశంతో దాన్ని కలిపేది ఒక సన్నని భూభాగం మాత్రమే. రాజధాని డబ్లిన్ తమను పట్టించుకోదన్న కోపం అక్కడ పాతదే. దానికి తోడు ఇళ్లు పగలడం మొదలైంది. నాసిరకం కాంక్రీట్ బ్లాకులతో కట్టిన వేల ఇళ్ల గోడలు బీటలు వారి, చేత్తో గీరితే పొడిగా రాలిపోయే స్థితికి వచ్చాయి. మొదట 'మైకా'ను తప్పుపట్టారు. మన గూడూరు గనుల వాళ్లకు తెలిసిన అభ్రకమే అది. పిర్రోటైట్ అనే ఇనుప ఖనిజం అసలు కారణమని తర్వాతి పరిశోధనలు చెబుతున్నాయి. తప్పు ఏ రాయిదైనా బ్యాంకు అప్పు మాత్రం ఇంటివాళ్లదే.

2020లో తెరిచిన పరిహార పథకంలో ప్రభుత్వం ఖర్చులో 90 శాతం, అదీ ఒక పరిమితి వరకే, ఇస్తానంది. మిగతా 10 శాతం ఎక్కడి నుంచి తేవాలని అడుగుతూ జనం 2021 జూన్‌లో బస్సులెక్కి డబ్లిన్ వీధుల్లోకి వచ్చారు. వంద శాతం కావాలన్నది వాళ్ల నినాదం. 2022లో కొత్త చట్టం వచ్చింది. గరిష్ఠ పరిమితి 4,20,000 యూరోలు అయింది, 2024లో 4,62,000కు పెరిగింది. అయినా పునాదుల సంగతి తేల్చలేదని, అద్దెలు, అదనపు ఖర్చులు చేతి నుంచే పెట్టుకోవాల్సి వస్తోందని బాధితులు అంటూనే ఉన్నారు. చివరికి నినాదమే పార్టీ పేరైంది: 'హండ్రెడ్ పర్సెంట్ రిడ్రెస్'. అంటే వంద శాతం పరిహారం. 2024 జూన్‌లో స్థానిక ఎన్నికలకు దిగి, 37 మంది ఉండే జిల్లా కౌన్సిల్‌లో నాలుగు స్థానాలు గెలిచింది. నవంబర్ 29న జరిగిన సాధారణ ఎన్నికలో ఆ పార్టీ అభ్యర్థి చార్లెస్ వార్డ్ డాల్ సభ్యుడయ్యారు.

ఎలా గెలిచారు? డొనెగాల్‌కు ఐదు సీట్లు. చెల్లిన ఓట్లను సీట్ల సంఖ్యకు ఒకటి కలిపి భాగించి, వచ్చినదానికి ఒకటి చేరిస్తే అదే కోటా. ఐదు సీట్లంటే ఆరో వంతు, సుమారు 16.7 శాతం. మూడు సీట్ల నియోజకవర్గంలో అదే 25 శాతం. షిన్ ఫేన్ నాయకుడు పియర్స్ డోహర్టీ మొదటి రౌండ్‌లోనే కోటా దాటారు. వార్డ్ మాత్రం ఆ రౌండ్‌లో కోటాకు చాలా దూరంలో ఉన్నారు. తప్పుకున్నవాళ్ల ఓట్లు బదిలీ అవుతూ వచ్చి ఆయన్ను పైకి చేర్చాయి. నా ఉద్దేశంలో కీలకం ఇదే. ఇల్లు కూలుతున్న కుటుంబం ఏ పార్టీదైనా కావచ్చు. తన పార్టీకి 1 వేసి వార్డ్‌కు 2 వేస్తే పోయేదేమీ లేదు. ఓటు వృథా అవుతుందనే బెదిరింపు అక్కడ పనిచేయదు. మన దగ్గర బహుజన పార్టీల ముందు ప్రతి ఎన్నికలోనూ ఊపేది ఆ బెదిరింపునే కదా! చివరి లెక్కలో షిన్ ఫేన్‌కు రెండు, ఫియన్నా ఫాల్‌కు రెండు, ఈ చిన్న పార్టీకి ఒకటి. దేశాన్ని ఏలుతున్న ఫినా గేల్‌కు ఆ జిల్లాలో ఒక్కటీ దక్కలేదు.

ఇప్పుడు కరీంనగర్ లెక్కను దీని పక్కన పెట్టండి. బీఎస్పీ అభ్యర్థి ప్రసన్న హరికృష్ణకు 60 వేలకు పైగా మొదటి ప్రాధాన్యత ఓట్లు వచ్చాయి. స్థానం మూడోది, ఫలితం ఓటమి. సీటు ఒక్కటే కాబట్టి కోటా సగానికి పైనే, లక్షా 11 వేలు దాటింది. అవే ఓట్లకు ఐదు సీట్లు ఉండి ఉంటే కోటా 37 వేల చిల్లర. మొదటి రౌండ్‌లోనే ఆయన సభలో ఉండేవారు. ఐదు సీట్లుంటే పార్టీలూ ఓటర్లూ మరోలా ప్రవర్తిస్తారు, నిజమే. అయినా రెండో అంకె ఒక్కటే సరిపోదని, ఎన్ని సీట్లకు పోటీ అన్నదే అసలు విషయమని ఆ లెక్క చూపిస్తుంది.

ఇక్కడ అంబేడ్కర్ మాటనూ దాచకుండా చెప్పుకోవాలి. 1949 జనవరిలో రాజ్యాంగ సభలో దామాషా పద్ధతి చర్చకు వచ్చినప్పుడు ఆయన దాన్ని వ్యతిరేకించారు. అక్షరాస్యత అంతంతమాత్రంగా ఉన్న దేశంలో ఈ ఓటింగ్ కష్టమని, సభ ముక్కలైతే ప్రభుత్వం నిలవదని ఆయన వాదన. (కరీంనగర్‌లో పట్టభద్రులే వేసిన ఓట్లలో 28 వేలకు పైగా చెల్లకుండా పోయాయి. ఆయన భయం మరీ గాలిమాట కాదు.) ఐర్లండ్‌లోనూ ఈ పద్ధతిని ఎత్తేయాలని ఫియన్నా ఫాల్ 1959లో, 1968లో రెండుసార్లు రెఫరెండం పెట్టింది. రెండుసార్లూ జనం కుదరదన్నారు.

ఈ డాల్ గడువు 2029 చివర్లో ముగుస్తుంది. తర్వాతి ఎన్నికలో వార్డ్ నిలుస్తారా? కొంత కష్టమే అనిపిస్తోంది. ఇళ్ల సమస్య తీరితే పార్టీకి పనుండదు. తీరకపోతే నువ్వెళ్లి ఏం సాధించావని అడుగుతారు. డాల్‌లో గ్రూపుగా మాట్లాడే సమయం దక్కాలంటే ఐదుగురు ఉండాలి, ఈయన ఒక్కరే. చేజారిన సీటు కోసం ఫినా గేల్ తప్పకుండా వస్తుంది. అయితే ప్రభుత్వంలో చేరకపోవడం ఒక రక్షణ. గ్రీన్ పార్టీకి 2020లో 12 సీట్లు వచ్చాయి, పెద్ద పార్టీలతో కలిసి ఏలింది, 2024లో ఒక్కటి మిగిలింది. కార్లో–కిల్కెన్నీ అనే గ్రామీణ స్థానాన్ని ఆ పార్టీ 2007లో గెలిచి 2011లో పోగొట్టుకుంది. 2020లో మళ్లీ గెలిచి 2024లో మళ్లీ పోగొట్టుకుంది. రెండుసార్లూ మధ్యలో చేసింది సంకీర్ణ కాపురమే.

ఇంత ఉదారమైన పద్ధతి కూడా అందరికీ తలుపు తెరవలేదు. ఐరిష్ ట్రావెలర్లు తరతరాలుగా సంచార జీవనం గడిపిన ప్రజలు. 2022 జనాభా లెక్కల్లో 32,949 మంది. ఊళ్లలో చోటివ్వరు, బడిలో వెనక్కి నెడతారు, పబ్బుల్లోకి రానివ్వరు. ఇదంతా మనకు విడమరిచి చెప్పక్కర్లేదు. వాళ్లను ప్రత్యేక జాతి సమూహంగా రాజ్యం గుర్తించింది 2017లో. డాల్‌కు ఇంతవరకు ఒక్క ట్రావెలర్ కూడా ఎన్నిక కాలేదు. ఇల్లున్నవాళ్ల కష్టం ఒకే జిల్లాలో గుమిగూడింది, అన్ని పార్టీల ఓటర్ల నుంచీ రెండో అంకెను రాబట్టింది. ట్రావెలర్ల కష్టం దేశమంతా చెల్లాచెదురుగా ఉంది, పైగా పొరుగువాడి వెలి దాని చుట్టూ గోడ కట్టింది.

ఎలీన్ ఫ్లిన్ ట్రావెలర్ మహిళ. 2020లో ప్రధాని నామినేషన్ మీద సెనేట్‌కు వెళ్లారు. 2025లో ఎన్నికై వెళ్లారు. ఆ సెనేట్ ప్యానెల్‌కు ఓటేసేది కౌన్సిలర్లు, పార్లమెంటు సభ్యులే, సామాన్య ఓటర్లు కాదు. ఆమె కాపురం ఉండేది డొనెగాల్ జిల్లాలోని ఆర్డరా అనే ఊళ్లో. వంద శాతం పరిహారానికి 2 వేసిన అక్కడి ఓటరు, బ్యాలెట్‌లో ట్రావెలర్ పేరు కనిపిస్తే ఏ అంకె వేస్తాడో చూడాలి.