టీబీకి తిండితో అడ్డుకట్ట వేయొచ్చని తేలింది.. మరి పప్పు, బియ్యం ఇంటికి చేరేదెలా?

టీబీ అనగానే మందులే గుర్తొస్తాయి. కానీ రోగి ఇంట్లో మిగతావాళ్లకు సరైన తిండి అందితే, వాళ్లలో టీబీ బయటపడటం దాదాపు 40 శాతం తగ్గుతుందని జార్ఖండ్‌లో చేసిన ‘రేషన్స్’ అధ్యయనం తేల్చింది. 4 జిల్లాలు, 2,800 మంది రోగులు, 10 వేల మందికి పైగా కుటుంబ సభ్యులు.. చిన్న ప్రయోగమేమీ కాదు. ఫలితాలు 2023 ఆగస్టులో లాన్సెట్ పత్రికల్లో వచ్చాయి.

ఇంతకీ ఇచ్చిందేంటి? కుటుంబ సభ్యుల్లో ఒక్కొక్కరికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు. రోగికి పాలపొడి, నూనె కూడా కలిపి 10 కిలోల సంచి. అంతే! కొత్త మందు లేదు, ఖరీదైన మెషీన్ లేదు. మొదటి 2 నెలల్లో 5 శాతం బరువు పెరిగిన రోగుల్లో చనిపోయే ముప్పు 61 శాతం తక్కువగా కనిపించింది.

మరి సర్కారు ఏం చేసింది? నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకు ఇచ్చే రూ.500ను 2024 నవంబర్ నుంచి రూ.1,000 చేసింది. బరువు తక్కువున్న రోగులకు మొదటి 2 నెలలు అదనపు పోషకాహారం ప్రకటించింది. మంచి అడుగే.. కాదనలేం.

అయితే చిక్కంతా ఇక్కడే ఉంది. అధ్యయనంలో ఇంటికి చేరింది తిండి. పథకంలో అకౌంట్‌లో పడేది డబ్బు. రోజుకు లెక్కేస్తే రూ.33! సంపాదించే మనిషే మంచాన పడిన ఇంట్లో ఆ డబ్బు పప్పుకే ఖర్చవుతుందా, అప్పుకు పోతుందా? పైగా అది రోగి ఒక్కరి కోసం లెక్కగట్టింది. ఆహార భద్రతా చట్టం కింద కేంద్రం ఉచితంగా ఇచ్చేది బియ్యం, గోధుమల్లాంటి ధాన్యమే.. పప్పు కాదు.

కుటుంబ సభ్యుల తిండి సంగతేంటి? దాన్ని ‘నిక్షయ్ మిత్ర’ దాతలకు వదిలేశారు. దాత దొరికిన ఇంటికి సంచి వస్తుంది, దొరకని ఇంటికి రాదు. రుజువైన చికిత్సను ఇలా దాతల దయకు వదిలేయడం ఏ లెక్కన చూసినా సరికాదు. రేషన్ షాపులు ఊరూరా ఉన్నాయి, రోగుల వివరాలు నిక్షయ్ పోర్టల్‌లో ఉన్నాయి. ఈ రెండింటినీ కలిపి, టీబీ ఉన్న ఇంటికి 6 నెలలు పప్పు కూడా ఇవ్వడం అసాధ్యమేమీ కాదు.

2025 కల్లా టీబీని అంతం చేస్తామన్న గడువు దాటిపోయింది. ప్రపంచంలోని టీబీ కేసుల్లో ఇప్పటికీ దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నాయి.