తొమ్మిదో నంబరు పదికి ఒకటి తక్కువ కాదు

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 48కి రెండోది, 53కి మూడోది. నీరు పెరిగిన కొద్దీ అంకె పెరుగుతుంది, అంకె పెరిగిన కొద్దీ ఊరు ఖాళీ అవుతుంది. 1986 ఆగస్టులో 75.6 అడుగుల వరదనూ, 2022 జులైలో 71 అడుగులు దాటిన వరదనూ చూసిన గోదావరి పల్లెలకు ఈ లెక్క ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

తుపాను వేళ పత్రికలూ టీవీలూ ‘ప్రమాద హెచ్చరిక’ అన్న ఇదే మాటను రేవులకూ వాడతాయి. ‘కాకినాడలో పదో నంబరు ప్రమాద హెచ్చరిక, విశాఖలో తొమ్మిది, మచిలీపట్నంలో ఎనిమిది’ అని వార్త వస్తుంది. గోదావరి లెక్కకు అలవాటుపడ్డ మనిషి దీన్ని ఎలా అర్థం చేసుకుంటాడు? ముప్పు కాకినాడకే ఎక్కువనీ, విశాఖకు కొంచెం తక్కువనీ, మచిలీపట్నానికి ఇంకా తక్కువనీ అనుకుంటాడు. అతని తప్పేమీ లేదు. మాట ఒకటే అయినా లెక్కలు రెండని అతనికి ఎవరూ చెప్పలేదు.

రేవుల్లో ఉన్నవి పదకొండు సూచికలు. మొదటి రెండూ వాయుగుండమో తుపానో ఇంకా దూరాన సముద్రంలో ఉందని చెబుతాయి. మూడు, నాలుగు రేవుకే గాలివాన ముప్పు ఉందంటాయి. ఐదు నుంచి ఏడు వరకు ప్రమాదం, ఎనిమిది నుంచి పది వరకు పెను ప్రమాదం. ఇంతవరకూ మెట్ల వరుసలాగే ఉంటుంది. కానీ ఎనిమిది, తొమ్మిది, పది ఒకే మెట్టు మీదివి. వాటి మధ్య తేడా తీవ్రతది కాదు, దిక్కుది. తుపాను సాగే దారికి రేవు ఎడమ పక్కన ఉంటే ఎనిమిది, కుడి పక్కన ఉంటే తొమ్మిది, తుపాను రేవు మీదుగానో దాని పక్కనుంచో తీరం దాటేట్టుంటే పది. ఇక పదకొండు అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని, రేవు అధికారి తన సొంత అంచనాతో వాతావరణం చెడబోతోందని చెబుతున్నాడని అర్థం.

ఇది ఓడల కోసం పుట్టిన భాష. 1864లో నెల తిరక్కుండానే కలకత్తానూ మచిలీపట్నాన్నీ తుపాన్లు ముంచెత్తాయి. మరుసటి ఏడాది కలకత్తా రేవులో హెచ్చరికల ఏర్పాటు మొదలైంది. సూచికలంటే పగలు స్తంభానికి వేలాడదీసే శంకువులు, స్తూపాలు, రాత్రి ఎర్ర, తెల్ల దీపాలు. తుపాను ఏ పక్క నుంచి పోతుందో తెలిస్తేనే కెప్టెన్ ఓడను ఎక్కడ నిలపాలో తేల్చుకోగలడు. అతనికి ఆ అంకె చాలు. గట్టు మీద గుడిసెలో ఉన్న కుటుంబానికి చాలదు.

పైగా మన తీరంలో కుడి పక్కే ఎక్కువ భయపడాల్సింది. బంగాళాఖాతంలో తుపాను గాలి గడియారం ముళ్లకు ఎదురు దిశలో తిరుగుతుంది. పడమర వైపు కదిలే తుపానుకు కుడి పక్కన, అంటే ఉత్తరాన, ఆ గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది. తుపాను వేగం కూడా ఆ గాలికి కలుస్తుంది. ఉప్పెన లేచేది అక్కడే. 1977 నవంబరు 19న తుపాను చీరాల దగ్గర తీరం దాటింది. ఉప్పెన మింగింది దానికి కుడిగా ఉన్న దివిసీమను. అధికారిక లెక్కలోనే దాదాపు 10,000 మంది పోయారు. పది కంటే తొమ్మిది తక్కువనుకుని ఇంట్లోనే ఉండిపోయే కుటుంబం గురించి ఆలోచించాల్సింది ఇందుకే.

రేవులో సూచికలను మార్చనక్కర్లేదు, అవి నావికులవి. మార్చాల్సింది వార్త రాసే తీరు. ఉత్త అంకెను శీర్షికలో పెట్టే బదులు, తుపాను ఫలానా ఊరికి దక్షిణంగా తీరం దాటుతుంది, దానికి ఉత్తరాన ఉన్న ఫలానా మండలాల్లో ఇన్ని మీటర్ల ఉప్పెన రావచ్చు, చీకటి పడేలోగా తుపాను షెల్టర్‌కు వెళ్లండి అని రాయవచ్చు. ఉప్పెన ఎంత ఎత్తున రావచ్చో, ఏ ప్రాంతాలకు ముప్పుందో వాతావరణ శాఖ తన బులెటిన్లలో ఇస్తూనే ఉంటుంది. విలేఖరి దాన్ని ఊళ్ల పేర్లతో తెలుగులో చెప్పాలి, అంతే.